ఎదుటి ప్రతి

ఆ స్టూడియోలో ఫొటో దిగినవాళ్ళకి ఒకే ఫొటో రెండు ప్రతులుగా అందుతుంది. ఒకటి మామూలుది. రెండోది తిరగేసినది, అంటే అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు మారినది. రెండూ పక్కపక్కన పెట్టి చూసేదాకా చాలామందికి తేడా తెలియదు. చూశాక మాత్రం అందరూ ఒకే పని చేస్తారు. అద్దం ప్రతిని దగ్గరకి లాక్కుంటారు. రెండోదాన్ని, ఇంటికి చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తారు.

“ఇది నీకు. అది ఎదుటివాళ్ళకి,” అంటుంది ఫొటోగ్రాఫరు. అంతకు మించి చెప్పదు.

ఆమెకి యాభై దాటాయి. చిన్నప్పుడు బక్కగా ఉండి, దేన్నైనా మెడ పక్కకి వాల్చి చూసేదని ఇంట్లో పిట్ట అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు బక్కగా లేదు. మెడ వాల్చడం పోలేదు, పేరూ పోలేదు. గడియారాలు బాగుచేసే కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే ఆమె స్టూడియో. వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు. ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళు, తమ ఒంటి మీద తమకున్న ఇష్టాన్ని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోనివాళ్ళు. ఆమె ఫొటోల్లో ఒకామె తడిజుట్టు ముందుకి వేసుకుని మెడ తుడుచుకుంటుంది. ఇంకొకామె మంచం అంచున కూర్చుని ఎవరి చేతిరుమాలో మడత పెడుతుంది. “ఒంటి మీద బట్ట చెక్కు చెదరదు, చూసినవాడి చెవులు మాత్రం వేడెక్కుతాయి,” అన్నాడు ఒకసారి కింది కొట్టు గడియారాలాయన. అది పొగడ్తో తిట్టో ఆయన తేల్చలేదు.

ఈ చూపు ఆమెకి ఏ స్టూడియోలోనూ అబ్బలేదు. అబ్బింది ఒక లాండ్రీలో.

ఇరవైల్లో, తల్లి పోయాక, పిట్ట పిన్ని దగ్గర ఉండేది. లాండ్రీ వెనక రెండు గదులు. పిన్ని ఆ లాండ్రీలోనే ఇస్త్రీ చేసేది. పిట్ట రెండు వీధుల అవతల ఒక స్టూడియోలో పనికి కుదిరింది. పిన్నికి నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. సంబంధాలు వచ్చిన రోజుల్లో ఇంట్లో వీలు లేదు, వీలు చిక్కేసరికి సంబంధాలు రావడం మానేశాయి. ఆ మాట ఆవిడ నిన్న వాన పడిందని చెప్పినంత తేలిగ్గా చెప్పేది. ఎడమ కంటి కింద పుట్టుమచ్చ, పక్కపాపిడి, ఆవిరికి ఎప్పుడూ తడిగా ఉండే మెడ. చొక్కా ఇస్త్రీ చేయడానికి ఆవిడకో వరస ఉంది. ముందు కాలరు, తర్వాత భుజాల పట్టీ, చేతులు, వీపు, అన్నిటికీ ఆఖరున ఛాతీ భాగం. “ముందే ఛాతీ చేశావంటే తక్కినవి అయ్యేలోపు అది నలిగి చస్తుంది,” అనేది.

ఆ లాండ్రీకి బాయిలరు పాడైనప్పుడు బాగుచేయడానికి వచ్చాడొకాయన. బాయిలరు బాగుపడింది గాని ఆయన రావడం మానలేదు. ప్రతి శనివారం రెండు చొక్కాలు పట్టుకొచ్చి, బల్ల దగ్గర నిలబడి, అయ్యేదాకా చూసి, ఒకదాన్ని అక్కడే బనీను మీద తొడుక్కునేవాడు. వేడి చల్లారకముందే. “ఇంకా వెచ్చగా ఉంది,” అనేవాడు, బొత్తాలు పెట్టుకుంటూ. పిన్ని తల వంచుకుని రెండో చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడిపేది. వాళ్ళిద్దరి మధ్యా జరిగిన ముచ్చటంతా అంతే. లాండ్రీలో తెగిన బొత్తాలు కుట్టే ఆమె మాత్రం ఊరుకునేది కాదు.

“అక్కా, బాయిలరు అటు ఉంటే ఆవిరి ఇటునుంచి వస్తోందేమిటి?”

“నోరు ముయ్యవే. సూది గుచ్చుకుంటుంది.”

“గుచ్చుకుంది నాకు కాదులే.”

తర్వాత బాయిలరాయనకి దూరాన ఏదో ఊళ్ళో మిల్లులో పని దొరికింది. ఉన్నపళంగా వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు శనివారం ఇచ్చిన చొక్కాల్లో ఒకటి తొడుక్కుని వెళ్ళాడు, రెండోది ఉండిపోయింది. లేత నీలం, సన్న గీతలది. ఎవరూ తీసుకెళ్ళని బట్టలు వేలాడే కమ్మీకి అదీ వేలాడింది. పిన్ని ప్రతి శనివారం దాన్ని దించి మళ్ళీ ఇస్త్రీ చేసేది.

“ఎవరూ వేసుకోని చొక్కాకి మడతలెలా పడతాయి పిన్నీ?” అంది పిట్ట.

“వేలాడితే పడవా?”

ఆయన అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. ఫోను లాండ్రీ ఓనరు బల్ల మీద ఉండేది. ఓనరు కదిలేవాడు కాదు. బొత్తాలామె కుట్టడం ఆపేసేది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పిన్నికి తెలుసు, అందుకని ఆవిడ ఏం విన్నా “ఆఁ” అనే అనేది. ఒకరోజు అలా చాలాసేపు ఆఁ ఆఁ అని, ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, తువ్వాలు చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

“ఏమన్నాడు?” అంది పిట్ట.

“మిల్లువాళ్ళు ఇల్లిస్తారట. ఒంటరివాడికైతే ఒక గది, సంసారికైతే రెండు గదులు. ఏది కావాలో చెప్పమన్నారట.”

“నువ్వేమన్నావు?”

“ఆఁ అన్నాను.”

“ఏమని ఆఁ?”

“ఏమనేమిటే? పక్కన ఆ ఓనరు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఇంకేమంటాను?” తువ్వాలు తీగ మీద వేసి, అంచులు సమంగా లాగింది. “నా మొహం తలుచుకుంటే ముక్కు వస్తోందట, కళ్ళు రావడం లేదట. ఒక ఫొటో పంపమన్నాడు.”

పిట్టకి విషయం అర్థమైంది. ఆయన మొహమాటస్తుడు, ఈవిడ అంతకంటే. రెండు గదుల మాటతో ఆయన అడగాల్సినంత అడిగేశాడు. ఆఁ అన్న మాట వెనక ఉన్నదంతా ఇప్పుడా ఫొటో చెప్పాలి.

“రేపు స్టూడియోకి రా,” అంది.

స్టూడియో ఓనర్ని వీధి వీధంతా గడ్డం పైకి అనే పిలిచేది. పసిపిల్లలకైనా ముసలివాళ్ళకైనా, గుర్తింపు కార్డుకైనా పెళ్ళికైనా, ఆయన చెప్పేది ఆ ఒక్క ముక్కే. పిన్నిని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కన కాగితం పూలకుండీ పెట్టి, దాని మీద చెయ్యి వేయించి, “గడ్డం పైకి,” అన్నాడు. పిన్ని గడ్డం ఎత్తింది. “ఇంకాస్త. నవ్వండి. అంత కాదు.” దీపాలు వెలిగాయి, ఆరిపోయాయి.

ఫొటో చేతికొచ్చాక పిన్ని కళ్ళజోడు సవరించుకుని చూసింది.

“కొయ్యబారిపోయానే. ఇది చూస్తే ఆయన, బాయిలరు పేలిందనుకుంటాడు.”

తర్వాత ఆదివారం లాండ్రీకి సెలవు. మధ్యాహ్నం, పడమటి కిటికీలోంచి ఎండ ఇస్త్రీ బల్ల దాకా వచ్చే వేళ, పిట్ట స్టూడియోలో అడిగి తెచ్చిన కెమెరాతో పిన్నిని అక్కడికి తీసుకెళ్ళింది. కిటికీ దగ్గర కూర్చోమంది. బయటికి చూడమంది. ఆయన్ని తలుచుకోమంది.

“అలా చెబితే ఎలా తలుచుకుంటానే? నువ్వు గుడ్లప్పగించి చూస్తుంటే నాకు నువ్వే గుర్తొస్తున్నావు.”

ఫిల్ము చాలా మటుకు అయిపోయింది. అన్నిటిలోనూ పిన్ని గడ్డం దానంతటదే పైకి లేస్తోంది. పిట్టకి విసుగొచ్చింది. పిన్నికి ఇంకా ఎక్కువ వచ్చింది. “ఉండవే తల్లీ, నిన్న దీన్ని చేయలేదు,” అంటూ కమ్మీ మీది నీలం చొక్కా దించి, పెట్టె స్విచ్చు వేసింది. తడి వేలు పెట్టెకి తాకించి చూసింది. చుయ్‌మంది. కాలరు, భుజాల పట్టీ, చేతులు, వీపు. చొక్కాని వెల్లకిలా తిప్పి ఛాతీ చేసింది. పెట్టెని నిలబెట్టి, పై బొత్తాం పెట్టింది. దాని కింది బొత్తాం పెట్టింది. తర్వాత అరచెయ్యి చాపి ఆ చొక్కా గుండెల మీద వేసింది, వేడి ఎంతుందో చూడటానికన్నట్టు. చూశాక తీసేయాలి. తీయలేదు.

ఎండ ఆవిడ మెడ మీద పడుతోంది. తడికి అతుక్కున్న వెంట్రుకలు, చెవి వెనక జారుతున్న చెమట బొట్టు, కొంచెం విచ్చుకున్న పెదవులు. పిట్టకి ఆవిడని ఇరవై ఏళ్ళు దాటి తెలుసు. ఆవిడకి ఒళ్ళంటూ ఒకటుందని ఆ క్షణం దాకా తెలియదు. కెమెరా పైకెత్తబోయి ఆగిపోయింది. తలుపు తీసి ఉంది కదా అని ఎవరి గదిలోకైనా దూరిపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

“తీయనా పిన్నీ?” అంది, మెల్లగా.

పిన్ని చెయ్యి కదల్చలేదు. తల తిప్పలేదు. పిట్ట అక్కడుందన్న సంగతి ఆవిడకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మొహంలోకి సిగ్గు వచ్చింది, దాని వెనకే ఇంకేదో వచ్చి ఆ సిగ్గుని పక్కకి జరిపింది.

“తీయి,” అంది.

సోమవారం, ఓనరు గడ్డం పైకి వచ్చేలోపు, పిట్ట డార్క్‌రూమ్‌లో దాన్ని అచ్చు వేసింది. నెగటివ్‌కి ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక ఉంటాయి. మసక వైపు కిందికి పెట్టాలి. ఆ తొందరలో తిరగబెట్టింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. తప్పు ఆమెకి కనిపించలేదు. తడి ఆరీ ఆరకముందే కాగితంలో చుట్టుకుని లాండ్రీకి పరిగెత్తింది.

పిన్ని చేతులు తుడుచుకుని ఫొటో అందుకుంది. బొత్తాలామె మెడ చాచింది. పిన్ని ఫొటోని గుండెలకానించుకుని, “నీ పని నువ్వు చూసుకో,” అని గోడవైపు తిరిగి మళ్ళీ చూసింది.

“నేనే,” అంది చివరికి. “నేనేనే ఇది.” అంతలో కనుబొమలు ముడిచింది. “అది సరే గాని, ఆయనకి ఆడవాళ్ళ చొక్కా తొడిగావేమిటే?”

“అదేంటి పిన్నీ?”

“బొత్తాలు చూడు, ఎటున్నాయో. మగవాళ్ళ చొక్కాకి కుడివైపు కదా ఉంటాయి. ఇందులో ఎడమకి పోయాయి.”

పిట్టకి నాలిక్కరుచుకోవడం తప్ప దారి లేకపోయింది. మర్నాడు సరిగ్గా వేసి తెచ్చింది. పిన్ని ఆ రాత్రి వంట పక్కనపెట్టి రెండూ బల్ల మీద పరిచింది. బొత్తాలు ఇప్పుడు వాటి చోట ఉన్నాయి. కాని పిన్ని చూపు బొత్తాల మీద లేదు.

“ఈవిడెవరే?”

“నువ్వే.”

“నా మచ్చ ఇటు కదా.” అద్దం ప్రతిని చూపించింది. “పాపిడి ఇటు. ఇది నేను. మరి ఇదెవరు?”

“నువ్వు నిన్ను అద్దంలోనే చూసుకున్నావు పిన్నీ. మా అందరికీ కనిపించేది ఇలాగే.”

“అందరికీనా?”

“అందరికీ.”

పిన్ని ఫొటోని దీపానికి దగ్గరగా పట్టుకుంది. “అయితే ఆయన చూసింది ఈవిడనన్నమాట,” అంది. గొంతులో చిన్న అసూయ లాంటిది వినిపించింది. “బాగుంది. నాకంటే ధైర్యం గలదిలా ఉంది.”

“మరి పంపేద్దామా?”

“రేపు.”

రేపు అన్నది ఎల్లుండి అయింది. బొత్తాలామె రోజూ అడిగేది, “పంపావా అక్కా?” అని. పిన్ని రోజూ నీళ్ళు నమిలేది. నెలాఖరుకి ఆయన మిల్లువాళ్ళకి మాట చెప్పాలి. ఆ వారం పిట్ట కవరు తెచ్చి, చిరునామా కూడా తనే రాసి, బల్ల మీద పెట్టింది.

“ఇది చూస్తే ఆయనకి అంతా తెలిసిపోతుందే,” అంది పిన్ని.

“తెలియాలనే కదా తీశాం!”

“తెలిసీ రాకపోతే?” పిన్ని ఆ ఫొటో మీద అరచెయ్యి వేసింది, చొక్కా మీద వేసినట్టే. “ఆ గడ్డం పైకి ఫొటో పంపితే, రాకపోయినా ఫొటో బాగా రాలేదు అనుకోవచ్చు. ఇది పంపాక అలా అనుకోవడానికి లేదు. నాకంటూ ఇంకేం మిగులుతుంది?”

పిట్ట వాదించింది. అలిగింది. పొద్దున లేచి చూసేసరికి కవరు లేదు. నీలం చొక్కా ఫొటోలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. పూలకుండీ ఫొటో వెళ్ళిపోయింది.

తర్వాత వారం ఫోను వచ్చింది. పిన్ని ఆఁ అంది, ఒక్కసారే. పెట్టేసి, తన బల్ల దగ్గరకొచ్చి, ఎవరిదో తెల్ల చొక్కా తీసుకుని కాలరు మొదలుపెట్టింది.

“ఏమన్నాడు అక్కా?” అంది బొత్తాలామె.

“ఫొటో అందిందట. బాగుందట. ఒక గది చాలని చెప్పాడట వాళ్ళకి.”

బొత్తాలామె పళ్ళతో దారం తెంపింది. “ఆ మొహం చూసి ఎవడైనా రెండు గదులడుగుతాడా?” అంది. అన్న వెంటనే నాలుక కొరుక్కుంది. పిన్ని కోప్పడలేదు. చొక్కా ఛాతీ ముందు చేసేసి, మళ్ళీ మొదటికొచ్చి మొత్తం చేయాల్సి వచ్చింది ఆ రోజు. ఫోన్లు ఆ తర్వాత తగ్గాయి. ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు, పిన్ని తప్ప.

అద్దం ప్రతిని పిన్ని తన ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టుకుంది. సరైన ప్రతిని పిట్ట చేతికిచ్చి, “ఈవిడని నువ్వుంచుకో. నేనడిగినప్పుడు ఇవ్వు,” అంది. ఎవరికీ చూపించొద్దని వేరే చెప్పలేదు. పిట్ట చూపించనూ లేదు.

గడ్డం పైకి దగ్గర పని మానేసి సొంతంగా తీయడం మొదలుపెట్టాక పిట్ట ఎవరినీ గడ్డం ఎత్తమనలేదు, ఆయన్ని తలుచుకోండి, ఈయన్ని తలుచుకోండి అనలేదు. వచ్చినామె చేతులకి ఏదో ఒక పని ఇచ్చేది, ఆ చేతులకి అలవాటైన పని. కుట్టేవాళ్ళకి సూది, జడ వేసేవాళ్ళకి దువ్వెన. చెయ్యి పని మరిచిపోయి ఆగేదాకా ఎదురుచూసేది. ఆగాక కూడా, “తీయనా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా వేలు కదిపేది కాదు. ఆ అడగడంలో మంచి ఫొటోలు ఎన్నో జారిపోయాయి. పోనీ అనుకునేది. ఎంత తీసినా, ఎంతమంది మెచ్చినా, ఆ పడమటి కిటికీ ఎండలో తీసినదాని పక్కన పెడితే ప్రతి ఫొటోకీ ఏదో ఒక బొత్తాం తక్కువే అనిపించేది ఆమెకి.

లాండ్రీ మూతపడ్డాక పిన్ని పిట్ట దగ్గరకొచ్చేసింది. వస్తూ వస్తూ నీలం చొక్కా తెచ్చుకుంది. ఇప్పుడావిడకి డెబ్బై దాటాయి. స్టూడియో పక్క గదిలో, ఫొటోలకి వచ్చేవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసిపెడుతుంది. వద్దంటే వినదు. “ఊరికే కూర్చుంటే నాకే మడతలు పడతాయి,” అంటుంది.

ఈ మధ్య ఒకామె వచ్చింది. నలభై పైబడినామె, బస్సులో టికెట్లు ఇచ్చే ఉద్యోగం. ఫొటో బాగా కుదిరింది. రెండు ప్రతులూ తీసుకోవడానికి వచ్చి, పక్క గదిలో కుర్చీలో కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయింది. పిన్ని బల్ల దగ్గర దిండు గలీబు ఇస్త్రీ చేస్తోంది.

“ఒకాయనకి పంపుదామని తీయించుకున్నానండి,” అంది బస్సామె. “ఇప్పుడు చూస్తే సిగ్గుగా ఉంది. ఏదైనా మామూలు ఫొటో పంపేస్తే పోతుందేమో.”

పిన్ని పెట్టెని నిలబెట్టింది.

“పిట్టా,” అని పిలిచింది. “ఆవిడ ఫొటో తీసుకురా.”

పిట్టకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, తాళం వెతికి సొరుగు తీసింది. తెచ్చి ఇచ్చింది. పిన్ని దాన్ని బస్సామె ఒళ్ళో పెట్టింది.

బస్సామె చూసింది. ముసలావిడ మొహం వైపు చూసి, మళ్ళీ ఫొటో చూసింది. “అమ్మో,” అంది చిన్నగా. “మీరేనా? ఆయన ఏమన్నారు?”

“నేను పంపలేదు,” అంది పిన్ని. గలీబు తిప్పి, రెండోవైపు మొదలుపెట్టింది.

బస్సామె లేచి, తన ఫొటోలు సంచిలో పెట్టుకుని, మెట్లు దిగబోతూ వెనక్కొచ్చి, పంపడానికి గట్టి కవరు ఏదైనా ఉందా అని అడిగి తీసుకెళ్ళింది.

తన పాత ఫొటోని పిన్ని పిట్టకి తిరిగి ఇవ్వలేదు. మర్నాడు ఉదయం పిట్ట కాఫీ తాగుతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

“నిన్న ఆమెకిచ్చావే, అలాంటి కవరు నాకోటి ఇవ్వు.”

పిట్ట కవరు ఇచ్చింది. పిన్ని ఫొటోని ఒకసారి చూసి లోపలికి జార్చింది. “మిల్లు పేరు, ఊరు రాయి. చిరునామా నీకు గుర్తుందిగా.”

“గుర్తుంది. కాని ఆ మిల్లు మూసేసి చాలా ఏళ్ళయింది పిన్నీ. ఆయన ఎక్కడున్నాడో, అసలు...” పిట్ట ఆ మాట మింగేసింది. “కవరు తిరిగొచ్చేస్తుంది.”

“రానీ. తిరిగొస్తే, పంపానని తెలుస్తుంది కదా.”

పిట్ట రాసింది. ముందువైపు మిల్లు, ఊరు, ఆయన పేరు. వెనకవైపు తమ చిరునామా, తపాలా మనిషి పొరబడే వీల్లేకుండా పెద్ద అక్షరాలతో. పిన్ని కవరు అంచు మడిచి జిగురు రాసి, దాని మీద బట్ట కప్పి, పెట్టె ఒక్కసారి నడిపింది. వేడి చల్లారకముందే పిట్ట చేతికిచ్చింది. వీధి చివర తపాలా పెట్టె దగ్గర కూడా అది ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. పిట్ట దాన్ని కొంతసేపు పట్టుకుని, వదిలేసింది.

అప్పట్నుంచి మధ్యాహ్నం తపాలా వేళకి పిన్ని మెట్ల వైపు చెవి పెట్టి ఉంటుంది. అడుగుల చప్పుడైతే పెట్టె నిలబెడుతుంది. ఫొటోలకి వచ్చినవాళ్ళు, గడియారాలాయన, పాలవాడు. శనివారాలు నీలం చొక్కా దించి మళ్ళీ ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది, ఆఖరున ఛాతీ, తర్వాత పై రెండు బొత్తాలు.

కవరు ఇంతవరకూ తిరిగి రాలేదు.